పొగ అనుకున్న చోటు

ఊళ్ళో అందరూ ఆమెను బోర్డులమ్మ అనేవారు. చెప్పుల షాపు మొదలుకొని పళ్ళ డాక్టరు దాకా ఎవరి పేరు గుమ్మం మీదికెక్కాలన్నా ఆమె కుంచె కిందికి రావాల్సిందే. ఫ్లెక్సీలు వచ్చాక చేతికి పని తగ్గి నోటికి పెరిగింది. దారిలో ఎక్కడ దీర్ఘం ఎగిరిపోయినా ఆగి, షాపువాడికి తలంటిగానీ కదిలేది కాదు.

రైల్వే స్టేషన్ పెద్ద హాలు మాటెత్తితే మాత్రం నోటికి తాళం పడేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని చూసేది ఆ హాలునే. ఎత్తైన గుమ్మటం, టికెట్ కిటికీల పైన గోడ పొడవునా బొమ్మ. మూటలతో, గొడుగులతో, చంకలో పిల్లలతో రైలు కోసం చూస్తున్న జనం. ఆ జనాన్ని వేసింది ఆమే, ఆమె అక్కా.

అప్పటికి ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. తండ్రి అదే స్టేషన్‌కి సున్నాలు వేసే మేస్త్రీ. బొమ్మ వెయ్యడానికి వచ్చిన చిత్రకారుడు కాంట్రాక్టరుతో గొడవపడి మధ్యలోనే వెళ్ళిపోతే, రంగులు కలిపిపెడుతున్న అక్కాచెల్లెళ్ళకే పని అప్పగించారు. గోడను చెరిసగం పంచుకున్నారు. అక్క చెయ్యి నిదానం, చెల్లెలిది దూకుడు. పరంజా మీద రోజంతా పోట్లాట, నవ్వులు.

చివరి మూల మిగిలి ఉండగా చెక్క జారింది. అక్క కిందపడి కుడి మణికట్టు విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ కుంచె పట్టలేదు.

"మీ అక్క భాగం నువ్వు పూర్తి చేస్తావా?" అని కాంట్రాక్టరు అడిగితే, చెల్లెలు వెనకా ముందూ చూడకుండా సరేనంది. కబురు అక్క చెవిన పడింది.

"నా చోటు నీకెవరిచ్చారే? అడగాలని కూడా అనిపించలేదా?"

"పని ఆగిపోతుందని ఒప్పుకున్నానక్కా."

"ఆగనీ. ఆ మూల ముట్టుకోకు."

చెల్లెలికీ రోషం పొడుచుకొచ్చింది. మళ్ళీ పరంజా ఎక్కలేదు. ప్రారంభోత్సవం ముంచుకొచ్చి ఆ మూల బూడిదరంగు గచ్చుగానే ఉండిపోయింది. జనం దాన్ని రైలు పొగ అనుకున్నారు. తర్వాత అక్కాచెల్లెళ్ళు కలిసిపోయారు. పురుళ్ళకి ఒకరికొకరు సాయం వెళ్ళారు, చీరలు మార్చుకు కట్టుకున్నారు. గోడ సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకుండానే అక్క పోయింది.

ఏళ్ళు గడిచాక ఆ గోడకు పట్టిన బొగ్గు మసి తుడిచే పని బోర్డులమ్మ మనవరాలికే వచ్చింది. పాత చిత్రాలు బాగుచెయ్యడం ఆ పిల్ల ఉద్యోగం. ఒక మధ్యాహ్నం చేతుల నిండా మసితో ఇంటికొచ్చింది.

"అమ్మమ్మా, ఖాళీ మూలలో కూడా ఎవరో ఒకర్ని వేసెయ్యమంటున్నారు రైల్వే ఆఫీసరుగారు. కానీ దాని మీద, కింది నుంచి కనబడనంత సన్నంగా, బొగ్గు గీతలున్నాయి. ఒక్కసారి వచ్చి చూడవూ?"

"నేను రాను."

"నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు?"

ముసలావిడ గొణుక్కుంటూనే చెప్పులేసుకుంది. క్రేన్ తొట్టిలో నడుముకు బెల్టు కట్టి పైకి తీసుకెళ్తుంటే కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా బొగ్గు గీతల్లో ఒక అమ్మాయి. కొప్పుకు పాతగుడ్డ చుట్టుకుని, ఒక కుంచె పళ్ళ మధ్య కరిచిపట్టి, ఇంకో కుంచెతో ఏదో వేస్తూ కోపంగా పక్కకి చూస్తోంది.

"ఎవరమ్మమ్మా ఈవిడ?"

"నేనే. పళ్ళతో కుంచె పట్టుకోకే, రంగు విషం అని అక్క రోజూ తిట్టేది." వేలు గీత దాకా వెళ్ళి, తాకకుండా ఆగింది. "ఆ రోజుల్లో ఈ మూలకి నన్ను రానిచ్చేది కాదు. నేను పనికి వంకలు పెడతానని కాబోలనుకున్నాను."

"రంగులు వెయ్యమంటావా?"

"వద్దు. అక్క ఎంతవరకు వేసిందో అంతవరకే ఉండనీ."

ఆఫీసరు మొదట ఒప్పుకోలేదు. పని సగంలో వదిలేశారని జనం నవ్వుతారన్నాడు. మనవరాలు అతన్ని అదే తొట్టిలో పైకి తీసుకెళ్ళి, కథంతా చెప్పి కిందికి దించింది. ఆ తర్వాత అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు బోర్డులమ్మ అక్క కూతురింటికి వెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా విషయమంతా చెప్పింది. అక్క కూతురు చేతిలో గిన్నెతోనే దగ్గరికి వచ్చింది.

"చూపు మందగించాక కూడా అమ్మ స్టేషన్‌కెళ్తే ఆ మూలకే తలెత్తేది పిన్నీ. ఏం చూస్తున్నావమ్మా అంటే, మీ పిన్నిని అనేది. నువ్వు వేసిన బొమ్మల్ని చూస్తోందనుకున్నాను."

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

"నువ్వు అడిగావా?"

లేదని తల ఊపి, కొంగుతో ముఖం తుడుచుకుని, బోర్డులమ్మ గుమ్మంలోనే కూలబడింది. అక్క కూతురు గిన్నె పక్కన పెట్టి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.