కొండాపూర్ గుట్ట మీద టైర్ల పరీక్ష

నా మూలంగా ఒక పికప్పు వ్యాను నడిబాటలో మోకాళ్ళ మీద కూలబడింది, ఒక గేదె పలుపు తెంపుకుని పారిపోయింది, ఒక పెద్దమనిషి నన్ను పశువుల దొంగ అన్నాడు. మూడూ ఒకే మధ్యాహ్నం జరిగాయి. మూడింటికీ కారణం రెండు టైర్లని చాలాకాలం అందరితోనూ చెప్పుకుంటూ వచ్చాను. ఈ వయసులో అబద్ధమెందుకు? టైర్లు తమ పని తాము చేశాయి. గుండ్రంగా ఉన్నవి దొర్లుతాయి. దొర్లించిన తలకాయ నాది.

డెబ్భైల మొదట్లో మాట. బాలానగర్‌లో నీటి పంపులు చేసే ఒక కార్ఖానాలో ట్రైనీగా చేరి ఐదు నెలలైంది. ఆరో నెల చివర ఉద్యోగం ఖాయమని కాగితమైనా ఇస్తారు, లేదంటే మా ఊరు తెనాలికి రైలైనా ఎక్కిస్తారు. డిప్లొమాలో నాకు ఫస్టు క్లాసు వచ్చింది. అది చాలా ప్రమాదకరమైన విషయమని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. చొక్కా జేబులో నీలం, ఎరుపు, ఆకుపచ్చ పెన్నులు మూడు, చేతిలో అట్ట వేసిన నోటు పుస్తకం, నున్నగా పాలిష్ చేసిన బూట్లు. భోజనానికి వెళ్ళినా ఇదే వేషం.

ఒకరోజు వర్క్స్ మేనేజరు కోదండరావు గారు పిలిచారు. మాట తక్కువ మనిషి. ముక్కు మీది కళ్ళజోడులోంచి కాగితాన్ని, పైనుంచి మనిషిని చూసేవారు.

"ఏమయ్యా మూర్తీ, మన పికప్పులన్నిటికీ టైర్లు మార్చాలి. బండితో పాటు వచ్చిన కంపెనీ టైర్లు ఉన్నాయి, తరవాత బజార్లో కొని వేయించినవీ ఉన్నాయి. ఏవి బాగా నిలుస్తున్నాయో పోల్చి చూసి చెప్పు."

"శాస్త్రీయంగా పోల్చమంటారాండి?" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "పోల్చు," అన్నారు. అంతే. ఆ ఒక్క మాటలో 'శాస్త్రీయంగా' అనేది ఉందని నాకు నేనే వినేసుకున్నాను.

ఆ రాత్రి పాఠ్యపుస్తకం తిరగేస్తే దొర్లుడు నిరోధం గురించి ఒక పేరా దొరికింది. తేలిగ్గా దొర్లే చక్రానికి శక్తి తక్కువ ఖర్చవుతుందట. ఇంకేం కావాలి? రెండు చక్రాలనూ ఒకే వాలు మీంచి వదలాలి, ఎక్కువ దూరం పోయినదాన్ని గెలిపించాలి. నిలిచే టైరేదో చెప్పమంటే పరిగెత్తే టైరును వెతుకుతున్నానన్న ఆలోచన నాకు రాలేదు. ఫస్టు క్లాసు కదా!

మర్నాడు కొండాపూర్‌లో ఒక రైతుకి పంపు దింపి రావలసిన పని పడింది. ఇవాళ కొండాపూర్ అంటే మీకు అద్దాల మేడలు, లిఫ్టులు, పదో అంతస్తులో కాఫీ కళ్ళ ముందు కనపడతాయేమో. అప్పుడది పెద్ద పెద్ద బండరాళ్ళు, సీతాఫలం చెట్లు, జొన్న చేలు, మధ్యలో నాలుగు ఇళ్ళు. నా కంటికి మాత్రం దేవుడు టైర్లు దొర్లించడానికే తీర్చిదిద్దిన వాలులా కనపడింది.

డ్రైవరు మల్లయ్యది బోరబండ. నా వయసుకి రెట్టింపు ఉంటుంది. ఏ పని చెప్పినా ముందు ఒక్క క్షణం ఆకాశం వైపు చూసి తరవాత చేసేవాడు. పంపు దింపి తిరిగి వస్తుంటే గుట్ట పక్కన బండి ఆపించాను.

"ముందర రెండు చక్రాలూ విప్పు మల్లయ్యా."

మల్లయ్య ఆకాశం వైపు చూశాడు. "పంచర్ గాలే గద సారు?"

"పంచరు కాదు. పరీక్ష."

జాకీ పెట్టి, రాళ్ళు పేర్చి, రెండు చక్రాలూ విప్పాడు. ముందు కాళ్ళు రెండూ పోయిన పికప్పు, అప్పు అడగడానికొచ్చిన బంధువులా వినయంగా వంగి నిలబడింది. స్టెపినీ పొద్దునే పంచరు షాపులో ఇచ్చి వచ్చాం. అంటే ఇక లోకంలో మాకున్నవి ఈ రెండు చక్రాలే. ఆ సంగతి కూడా నాకు తట్టలేదు.

రెంటినీ పరకాయించి చూశాను. ఒకటి ముసలిగా, మట్టి కొట్టుకుని, గాడులరిగి ఉంది. బండితో పాటు వచ్చినదిదే అయివుండాలని తీర్మానించి సుద్దముక్కతో దాని మీద 'కం' అని రాశాను. రెండోది నల్లగా నిగనిగలాడుతోంది. దీనికి 'బ'. రెంటినీ గుట్ట మీదికి దొర్లించుకుపోయేసరికి మల్లయ్యకి చెమట, నాకు ఉత్సాహం ధారలు కట్టాయి.

"ఏంది సారు గిది?" అన్నాడు మల్లయ్య. "టైరన్నంక బండి కింద తిరగాలె గని, ఒంటిగ ఊరి మీదికి పంపుడేంది?"

"నీకు తెలీదు మల్లయ్యా. దీన్ని దొర్లుడు నిరోధం అంటారు."

"నిరోధమంటే ఆపుడే గద? మరి ఆపెటోడేడి కింద?"

ఇంతకంటే తెలివైన ప్రశ్న ఆ రోజు మొత్తం మీద ఇంకెవరూ వెయ్యలేదు. నేను చిరునవ్వు నవ్వి, గడియారం చూసుకుని, 'కం' టైరుని వదిలాను.

అది కొంత దూరం నడిచి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, పక్కకి తిరిగి, గుండ్రంగా రెండు చుట్లు చుట్టి పడుకుంది. టేపుతో కొలిచాను. ఎర్ర పెన్ను తీసి, 'కంపెనీ టైరు: ముప్పై రెండడుగులు. నిరాశాజనకం' అని రాసుకున్నాను.

తరవాత 'బ'. దీన్ని వదలడంలో కొంచెం గట్టిగా తోసి ఉంటాను, నిష్పక్షపాతంగా ఒప్పుకుంటున్నాను. అది మొదట బుద్ధిగానే వెళ్ళింది. ఇరవై గజాల దగ్గర ఒక రాయి తగిలింది. అంతే, బడి వదిలిన పిల్లాడిలా ఎగిరి గంతేసింది. ఆ గంతుతో రాతి గోడ దాటింది. బాట దాటింది. ముళ్ళ కంపలోంచి దారి చేసుకుంటూ పోతోంది.

"నలభై... ఎనభై... భేష్!" అని నేను ఎగురుతున్నాను.

"సారు, ఇల్లు! ఇల్లు సారు!" అని మల్లయ్య అరుస్తున్నాడు.

కింద దడి చాటున నిజంగానే ఒక ఇల్లుంది. ముందుగా 'ఢభీ'మని కుండ పగిలిన చప్పుడు. తరవాత ఒక గేదె ఒక్క రంకె వేసింది. ఆ పైన ఒక ఆడమనిషి గొంతు లేచింది. ఆ గొంతు ముందు గేదెది గుసగుస. దడి అవతల్నుంచి నల్లటి ఆకారమొకటి తోక నిటారుగా ఎత్తి బండల్లోకి దూసుకుపోయింది.

మేం దిగి వెళ్ళేసరికి వాకిట్లో కుడితి గోలెం నాలుగు పెంకులై ఉంది. కుడితి ఏరులై పారుతోంది. మధ్యలో మా టైరు. ఆ టైరు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్న ఒక ముసలామె. పేరు బాలవ్వ అని తరవాత తెలిసింది.

"ఎవడ్రా గీ చక్రం ఇడ్సింది?"

మల్లయ్య ఆకాశం వైపు చూశాడు. నేను మూడు పెన్నులూ సర్దుకుని ముందుకొచ్చాను.

"నమస్కారమండి. మేం టైర్లను శాస్త్రీయంగా పోలుస్తున్నామండి."

"గోలెం పలగ్గొట్టి అండి అంటవేంది? నా బర్రె ఏది?"

"ఇటే వెళ్ళినట్టుందండి."

"పోయిందని నాకు ఎరికే. నా బర్రె నా కొట్టంలకు వచ్చిందాంక గీ చక్రం ఈడికెల్లి కదలదు. నేను గూడ కదల."

అన్నమాట ప్రకారం టైరు మీద ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది. బండికి రెండు చక్రాలు లేవు. స్టెపినీ లేదు. సాయంత్రానికి బండి కార్ఖానాకి చేరకపోతే నా ఉద్యోగం కాగితం తెనాలి టిక్కెట్టుగా మారిపోతుంది.

"ఎలా ఉంటుందండి మీ గేదె?"

"నల్లగుంటది."

"ఇంకేమైనా గుర్తులు?"

"నాలుగు కాళ్ళుంటయి. నన్ను జూస్తే గుర్తు వడ్తది. ఇగ పో!"

నీలం పెన్నుతో 'నలుపు, నాలుగు కాళ్ళు' అని రాసుకుని బయలుదేరాను. మల్లయ్య ఒక దిక్కు, నేనొక దిక్కు. బండల మధ్య బూట్లు జారుతూ, సీతాఫలం కొమ్మలు చొక్కా పీకుతూ గంటసేపు తిరిగాను. చివరికొక నీటి మడుగులో మెడదాకా మునిగి నెమరువేస్తూ దర్శనమిచ్చింది. నలుపు. లేచి నిలబడితే నాలుగు కాళ్ళు. వివరాలన్నీ సరిపోయాయి.

"రామ్మా, పోదాం," అన్నాను. వినలేదు. "దయచేసి రావమ్మా," అన్నాను. చెవి ఆడించింది. తాడు లేదు. బెల్టు విప్పి దాని మెడకు వేశాను. ఇందులో ఒక చిక్కుంది. ఆ రోజుల్లో నేను మహా సన్నం. ఒక చేత్తో గేదెని, రెండో చేత్తో ప్యాంటుని పట్టుకుని కొండాపూర్ బండల మీద నడవడం ఏ డిప్లొమాలోనూ నేర్పరు. ఒకదాన్ని గుంజితే రెండోది జారుతుంది.

ఎలాగో బాలవ్వ వాకిట్లోకి చేర్చాను. యుద్ధం గెలిచిన రాజులా నిలబడ్డాను, ప్యాంటు పట్టుకునే.

బాలవ్వ గేదెని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ గేదెని చూసింది.

"గిది ఎవని బర్రె?"

"మీదేనండి."

"నా బర్రె మొకం గిట్లుంటదా? గిది ముసల్ది. నా దానికి కొమ్ములు లోపలికి తిరిగుంటయ్, దీనివి చూడు, గాలికి పోతున్నయ్! రెండు బర్రెల తేడా తెల్వనోనివి, రెండు టైర్ల తేడా ఏం చెప్తవ్?"

నేను కొమ్ములు చూద్దామని వంగానో లేదో, వెనకనుంచి ఒక కర్ర, దాని వెనక ఒక మీసం, దాని వెనక ఒక మనిషి వచ్చారు.

"దొరికిండు దొంగ! మడుగుల ఉన్న బర్రెను తోలుకొస్తడా!"

"దొంగని కాదండీ! టైర్లు పోల్చడానికొచ్చానండీ!"

"టైర్లకు నా బర్రెకు ఏం సంబంధంరా?"

చెప్పడం మొదలుపెట్టాను. కార్ఖానా, పికప్పు, దొర్లుడు నిరోధం, ముప్పై రెండడుగులు. చెప్పేకొద్దీ ఆయన కర్ర పైకి లేస్తోంది. ఎంత నిజం చెబితే అంత అబద్ధంలా ఉంది. ఇంతలో మల్లయ్య ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు.

"కొమురన్నా, జర ఆగు," అన్నాడు ఆ మీసాలాయనతో, పాత పరిచయం ఉన్నవాడిలా. "దొంగ గాదు, చదువుకున్నోడు."

కొమురయ్య నన్ను పైనుంచి కిందికి చూశాడు. జేబులో పెన్నులు, మోకాళ్ళ మీద బురద, చేతిలో ప్యాంటు. కర్ర దించాడు. "అట్ల ముందుగాల చెప్పాలె గద. పరేషాన్ చేస్తిరి," అని, గేదె మెడలోంచి బెల్టు తీసి నా చేతికిచ్చి, గేదెని తోలుకుపోయాడు. నా జీవితంలో నా చదువు నన్ను కాపాడింది ఆ ఒక్కసారే.

పాలు పితికే వేళయింది. అసలు గేదె ఎవరి సాయమూ లేకుండా, ఊరంతా తిరిగొచ్చిన ఇల్లాలిలా నింపాదిగా నడిచొచ్చి కొట్టంలో నిలబడింది. కొమ్ములు నిజంగానే లోపలికి తిరిగి ఉన్నాయి. బాలవ్వ టైరు మీంచి లేచింది.

"తీస్కపో. గోలెం కొత్తది తెచ్చియ్యాలె."

"రేపే తెస్తానండి."

"తెస్తవ్, తెస్తవ్. మొకం వాడిపాయె. జర మజ్జిగ తాగిపో బిడ్డా," అని చెంబు చేతికిచ్చింది. ఆ మజ్జిగ చల్లదనం ఇప్పటికీ గొంతులో ఉంది.

చక్రాలు బిగించి, చీకటి పడేలోగా బండిని కార్ఖానాకి చేర్చాం. మర్నాడు కోదండరావు గారి ముందు నిలబడి నివేదిక చదివాను. "బజారు టైరే మేలండి. కంపెనీ టైరు ముప్పై రెండడుగులకే పడిపోయిందండి. బజారుది టేపుకి అందకుండా పోయిందండి."

"ఎక్కడికి పోయిందయ్యా?"

"బాలవ్వ గారింటికండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. మల్లయ్యని పిలిపించి సంగతంతా విన్నారు. విని, ఒక్క ప్రశ్న అడిగారు.

"ఇంతకీ మల్లయ్యా, ఆ ముందరి రెండింట్లో కంపెనీది ఏదయ్యా?"

మల్లయ్య ఆకాశం కోసం చూశాడు. పైకప్పు అడ్డొచ్చింది.

"ముందరి రెండూ బజారుయే సార్. ఒకటి పాతది, ఒకటి కొత్తది. కంపెనీయి రెండూ ఎనక చక్రాలకున్నయి. వాటిని ముట్టనే ముట్టలే."

"మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు?" అని నేను ఏడుపు గొంతుతో అరిచాను.

"మీరు అడగలే గద సారు! ముందర రెండు ఇప్పుమన్నరు, ఇప్పిన."

కోదండరావు గారు సొరుగులోంచి ఒక స్టీలు స్కేలు తీసుకుని బయటికి నడిచారు. పికప్పు దగ్గర వంగి, నాలుగు టైర్ల గాడుల్లోనూ స్కేలు పెట్టి లోతు చూశారు. బండి లాగ్‌బుక్కులో ఏ టైరు ఎప్పుడు వేశారో చూశారు. ఐదు నిమిషాలు పట్టలేదు. "కంపెనీవే తక్కువ అరిగాయి," అని లోపలికెళ్ళిపోయారు.

నెలాఖరుకి కాగితం వచ్చింది. ఉద్యోగం ఖాయమే. కింద ఆయన చేతిరాతతో ఒక వాక్యం ఉంది: 'ఇతనికి చక్రాలున్న వస్తువేదీ అప్పగించరాదు.' సిమెంటు దిమ్మెకు బోల్టులతో బిగించిన పంపుల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను.

కనుక పాఠకులారా, మీరందరూ సాక్షులుగా, కుడిచెయ్యి ఎత్తి, ఎడంచేత్తో ప్యాంటు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రెండు వస్తువుల్లో ఏది మంచిదో చెప్పమని ఎవరడిగినా, ముందుగా అవి రెండు రకాలో ఒకటే రకమో కనుక్కుంటాను. అప్పటికీ చెప్పి తీరాలంటే, సమతలంగా ఉన్న చోట కూర్చునే చెబుతాను.