జీడి సొన అంటిన చేతులు

పలాసలో రైలు దిగగానే జీడి బట్టీల పొగ వాసన తగిలింది. దానితోపాటే పారమ్మత్త చేతులు గుర్తొచ్చాయి.

నా చిన్నప్పుడు మా పక్కింటి పారమ్మత్త బట్టీలో జీడిపిక్కలు కొట్టేది. వేళ్లన్నీ నల్లగా ఉండేవి. గుడికి మాత్రం ఏనాడూ వచ్చేది కాదు. రోజూ పురాణం చదివే మా నాన్నమ్మేమో, చేసిన పాపం మరకలా అంటుకుంటుందని చెప్పేది. అత్త చేతులకున్న ఆ నలుపు అదేననుకున్నాను.

ఒకసారి అమ్మ ఊళ్లో లేనప్పుడు నాన్నమ్మ కుడిచెయ్యి విరిగింది. పారమ్మత్త పని నుంచి రాగానే మా ఇంటికొచ్చి, అన్నం కలిపి నాన్నమ్మకి ముద్దలు పెట్టేది. అది చూసి, నాన్నమ్మకిక వైకుంఠం దక్కదేమోనని నాకు భయమేసింది.

"తినకే నాన్నమ్మా, ఆ సేతుల్నిండా పాపముంది," అన్నాను ఏడుస్తూ.

పారమ్మత్త నవ్వేసింది. "పాపం కాదే గుంటా, జీడి సొన. పాపమైతే గుడికెల్లి కడిగీసుకుందును. ఇది దేనికీ పోదు."

నాన్నమ్మ నవ్వలేదు. "నాను సదివిందంతా ఈ సేతులు సేత్తన్నాయే," అని ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

ఇప్పటికీ పురాణం చదవనిదే నేను మంచినీళ్లు ముట్టను. పుస్తకం మూసి కళ్లకద్దుకునేటప్పుడు మాత్రం నా చేతులకేసి చూసుకుంటాను. ఒక్క మరకా ఉండదు.