తిప్పకూడని పడవ

వటాము రేవులో అతిథులను నడిసముద్రంలోకి వేటకు తీసుకెళ్ళే అథుమానికి, నేల మీద నడిచేటప్పుడు కూడా మెడ వెనక్కే తిరుగుతుంది. చుక్కాని పట్టుకుని వెనక గాలాలను చూసే అలవాటది. పెద్ద ట్యూనా తగిలినప్పుడు పడవ తిప్పకూడదు. తాడు వదులై చేప జారిపోతుంది. నిరుడు షీ అనే తమ్ముడు అలాంటప్పుడే నీళ్ళలో పడి చెయ్యెత్తాడు. ఈతగాడే కదా, చేప పైకి రానీ అనుకున్నాడు అథుమాని. చేప వచ్చాక తిప్పి చూస్తే అక్కడ ఉత్త నీళ్ళే. అప్పట్నుంచి ఆ చోటికి రాగానే పడవను ఒక చుట్టు తిప్పుతాడు. నిన్న సరిగ్గా అక్కడే ఒక అతిథికి ట్యూనా తగిలింది. అథుమాని చుక్కాని తిప్పేశాడు. చేప పోయింది.

“చేప ఉండగా తిప్పుతావేమయ్యా? అసలీ పని తెలుసా నీకు?”

“తెలుసు దొరా,” అన్నాడు అథుమాని, నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా. “తెలిసే ఆ రోజు తిప్పలేదు.”