ప్రశ్న కోసం ఒక్కపొద్దు

మా మామ అయిదేండ్లు ఎమ్మెల్యేగా ఉండి, సభలో లేచి నిలబడి నోటితో అడిగిన ప్రశ్న ఒకటే ఒకటి. ఈ సంగతి నేనెప్పుడూ దాచలేదు.

మొన్న మా ఊరి పిల్ల ఒకతె, బళ్ళారిలో కాలేజీ చదివేది, పాత ఎమ్మెల్యేల పనితీరు మీద ఏదో రాయాలని మా ఇంటికి వచ్చింది. ఎన్ని దినాలు సభకు పోయినారు, ఎన్ని ప్రశ్నలు అడిగినారు, ఎన్నిసార్లు మాట్లాడినారు అని గళ్ళు గీసిన కాగితం ఒకటి తెచ్చింది. మామ పేరుకు ఎదురుగా చాలా గళ్ళు ఖాళీ. ఆ పిల్లకే మొగమాటమయ్యింది.

"ఇంతేనా అత్తా?" అనింది.

"ఇంతే."

"ఓట్లు ఎట్ల వేసినాడో అదన్నా తెలుసునా?"

"ఓట్లకు కాగితం యాడుంటాదమ్మా! అవుననే వాళ్ళు అవుననండి, కాదనే వాళ్ళు కాదనండి అని సభాపతి అడుగుతాడు. అందరి గొంతులూ ఒకటే అయిపోతాయి. మా మామ ఏమన్నాడో ఆయన పక్కన కూచున్నోనికి తెలియాల. ఆ ఒక్క ప్రశ్న మాత్రం నా చేత్తో రాసింది. కూచో, చెప్తా."

నేను బడికి పోలేదు. మా తాత పొద్దున పూజ అయినాక నన్ను తులసికోట కాడ కూచోబెట్టి మొదట తెలుగు, తర్వాత కన్నడం దిద్దించినాడు. రెండు లిపులూ అక్కచెల్లెండ్లు, ఒకతె మొగం చూస్తే ఇంకొకతె గుర్తుకొస్తాది అనేవాడు. అక్షరం పెట్టిన ఆ చేతికి ఈ పొద్దుటికీ దీపం ముట్టించేటప్పుడు ఒక నమస్కారం పెడతా. పెండ్లయి వచ్చినాక నా రాత చూసి మామ మురిసిపోయినాడు. ఆయనకు కన్నడం మాట్లాడేది నీళ్ళు తాగినంత సులువు; రాసేది మాత్రం తుమ్మకంపలో చెయ్యి పెట్టినట్ల. ఎమ్మెల్యే అయినాక గూడా అర్జీలూ జాబులూ వంటింటి గడప కాడ కూచోని నేనే రాసేదాన్ని.

ఆయనకు దేవుని మీద గురి తక్కువ. నేను ఏకాదశి ఒక్కపొద్దు ఉంటే నవ్వేవాడు. "ఏమ్మా, నువ్వు పస్తుంటే పైనాయనకు కడుపు నిండుతాదా?" అని. దేవుణ్ణి నమ్మకున్నా, ఇంటికి ఎవరొచ్చినా అన్నం పెట్టించే మనిషి. అట్లాంటి ఇంట్లో పడినందుకే నేను ఒక్కపొద్దుండేది.

అవి ఎర్రదుమ్ము ఏండ్లు. కొండల దిక్కు నించి రైలు పట్టాల దాకా ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకొని పోయేవి. పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి పోవాల. మా ఊరి నడమ నించి పోతే దగ్గర దోవ. ఆ రోడ్డుకు ఈ పక్క ఊరు, ఆ పక్క బడి. అయ్యవారు పొద్దునా సాయంత్రం రోడ్డు మీద నిలబడి విజిలు ఊది, చెయ్యి అడ్డం పెట్టి, పిల్లోల్లను దాటించేవాడు. తులసాకు కడిగితే చెంబులో నీళ్ళు కుంకం కలిపినట్ల అయ్యేవి. ఆరేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి కావిరంగు.

ఆ లారీల్లో మూడు మా ఆయనవి. అవి పెట్టిన అన్నమే మేం తింటాంటిమి. దానికీ దండమే. అయినా దుమ్ము దుమ్మే గదా.

ఒకనాడు ఊరి ఆడోల్లు పది మంది మా వసారాలోకి వచ్చినారు. అందరికంటే ముందర ఒక ముసలామె. ఆమె మనమడు అంతకు ముందు దినమే లారీ కింద పడబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

"ఏమప్పా, ఎమ్మెల్యే ఇంటి లారీలే మా మీదికి వస్తాంటే మేం యాడికి పోయి ఏడ్చాల?" అనింది. "నీ కొడుకు లారీకేమో బ్రేకు లేదు. నీ నోటికి మాత్రం బాగుండాది బ్రేకు!"

ఆడోల్లంతా నవ్వినారు. మామ నవ్వలేదు. వాళ్ళు పోయినాక నన్ను పిలిచి, "రాయమ్మా" అన్నాడు.

ఆయన చెప్తాంటే రాసినా. ప్రజలు దుమ్ము తిని చస్తాంటే ప్రభుత్వం నిద్రపోతా ఉండాదా, మంత్రికి కండ్లు లేవా, అని ఒక పేజీ. బెంగళూరులో సభ ఆఫీసుకు పంపిస్తే కొన్ని దినాలకు తిరిగొచ్చింది. ఇందులో వాదన ఉంది, నింద ఉంది, ప్రశ్న లేదు అని ఒక్క ముక్క రాసినారు.

"తిట్టకుండా అడిగేదెట్లమ్మా?" అని మామ తల పట్టుకున్నాడు.

నాకు పూజే తోచింది. "మామా, పూజకు ముందర పంతులు సంకల్పం చెప్పిస్తాడు గదా. ఏ ఖండం, ఏ నదికి ఏ పక్క, ఏ సంవత్సరం, ఏ తిథి, మనమెవరం, అన్నీ చెప్పినాకనే కావాల్సింది అడుగుతాం. ఆడ పొగిడేది లేదు, తిట్టేది లేదు."

"మనం యాడుండామో దేవునికి తెలీదా ఏంది?"

"తెలిసినాయనకే అంత వివరంగా చెప్తాండామే, మంత్రికి చెప్పొద్దా?"

మామ నా దిక్కు చూసి, "సరే, నీ సంకల్పమే రాయి" అన్నాడు.

రాసినా. ఫలానా జిల్లా, ఫలానా తాలూకా, ఫలానా ఊర్లో, ఊరికీ బడికీ నడమ పోయే రోడ్డు మీద, అ) ఖనిజం లారీలు నడవడానికి అనుమతి ఉందా? ఆ) ఉంటే ఎవరిచ్చినారు? ఇ) లేకుంటే ఎట్ల నడుస్తున్నాయి? అంతే. పేజీ మూడు వరసలయింది.

మా ఆయన సాయంత్రం అన్నానికి వచ్చి ఆ కాగితం చూసినాడు. "ఇంట్లో కూచోని నా లారీలకు గుండురాళ్ళు అడ్డం పెడతాండావు" అన్నాడు. కంచం ముందర నించి లేచిపోయినాడు. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆయన అట్ల లేచిపోయింది అదే మొదలు. నేను ఆ కాగితం దేవుని గూట్లో పెట్టి, ఇది తప్పయితే నన్నే అను స్వామీ, ముసలాయన్ను అనొద్దు, అని మొక్కుకున్నా. పొద్దున్నే దాన్ని పోస్టుకు పంపినా.

ఈసారి తీసుకున్నారు. చుక్క గుర్తు వేసిన ప్రశ్న అన్నారు, అంటే మంత్రి సభలో నోటితో బదులు చెప్పాల్సింది. దానికొక నంబరు, ఒక దినం. ఇందులో ఒక మెలిక ఉంది. నంబరు పిలిచే పొద్దుకు అడిగినాయన తన సీటులో ఉండాల, లేచి నిలబడాల. లేకుంటే అచ్చేసిన జవాబు కట్టలోకి పోతాది, దాని మీద ఇంకో మాట అడిగేదానికి లేదు.

"ఎప్పుడూ నోరు తెరవని మనిషి, తెరిస్తే నేను చూడాల" అని మా అత్త పట్టు పట్టింది. ఆమెకు తోడుగా నేనూ బెంగళూరు పోయినా. ఎమ్మెల్యేలకు ఇచ్చే రూములో దిగినాం.

ముందు దినం సాయంత్రం మా దిక్కు పెద్దమనిషి ఒకాయన రూముకు వచ్చినాడు. మామ పార్టీ ఎమ్మెల్యేనే. ఆ రోడ్డు మీద ఆయన లారీలూ పోతాయి. అత్తా నేనూ లోపలి గదిలో ఉన్నాం. తలుపు వారగా ఉండాది.

"పెద్దాయనా, నిన్ను ప్రశ్న వాపసు తీసుకోమనలేదప్పా" అన్నాడు నవ్వుతా. "మర్యాద పోతాది, తెలుసు. నీకు ఎట్లాగూ షుగరు ఉండాది. గంటకు నాలుగుసార్లు లేచిపోతావని సభలో అందరికీ తెలుసు. రేపు ఆ నంబరు వచ్చే పొద్దుకు ఒకసారి బాత్రూముకు పోయి రా. ఎవరేమంటారు? నీకూ మంచిది, నీ కొడుక్కూ మంచిది."

మామ కండువా కొనతో మొగం తుడుచుకున్నాడు. తర్వాత, "అదీ నిజమే. షుగరు ఉండేది నిజమే" అన్నాడు.

ఆయన మామ భుజం తట్టి పోయినాడు. అత్త నా మొగం చూసి, "మీ మామ ఎప్పుడన్నా ఎవరికన్నా కాదని చెప్పినాడా తల్లీ" అనింది మెల్లగా.

పొద్దున మామ స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టుకొని కూచున్నాడు. కాఫీ తెస్తే వద్దన్నాడు. ఇడ్లీ ముట్టలేదు. అత్త మాత్ర, నీళ్ళు తెచ్చి పెడితే, తర్వాత అన్నాడు. షుగరు చూసే డాక్టరు తినకుండా ఉండొద్దని ఎన్నిసార్లు చెప్పినాడో! అత్త గొణుగుతానే ఒక సీసాలో మజ్జిగ పోసి చీర కొంగులో దాచుకుంది. సభ గేటు కాడ ఆడపోలీసు దాన్ని తీసి పక్కన పెట్టింది. "ఎమ్మెల్యే మజ్జిగమ్మా అది, పారబోస్తావేమో!" అని అత్త తెలుగులోనే గట్టిగా చెప్పింది. ఆ పిల్ల నవ్వి, భద్రంగా ఉంటాది పోండి అని కన్నడంలో చెప్పింది. ఆ పిల్ల చల్లగుండాల.

పైన చూసేవాళ్ళు కూచునే చోట మమ్మల్ని కూచోబెట్టినారు. మాట్లాడగూడదు, కాలు మీద కాలు వేయగూడదు. నేను అలవాటు కొద్దీ చేతులు జోడిస్తే, అవి దించమన్నారు. కింద మామ ఎనక వరసలో ఉండాడు. మామకంటే ముందరి నంబర్లు ఒకటొకటే పోతాండాయి. ప్రతిదానికీ ఎవరో ఒకరు లేస్తారు, మంత్రి లేస్తాడు, గలాటా అవుతాది, అణుగుతాది. మామ ముందర ఒక నౌకరు గ్లాసు నీళ్ళు పెట్టినాడు. మామ దాన్ని రెండు వేళ్ళతో పక్కాయన దిక్కు జరిపినాడు. ఇంకొకటి పెడితే అదీ జరిపినాడు.

అప్పుడు తట్టింది నాకు. ముందు దినం సాయంత్రం నించి ఆయన గొంతులో చుక్క నీళ్ళు పోలేదు. లేచిపోవాల్సిన పనే రాకుండా ఒళ్ళు కట్టేసుకోని కూచున్నాడు. నా ఏకాదశిని చూసి నవ్వే మనిషి, నీళ్ళు గూడా ముట్టని ఒక్కపొద్దు ఉండాడు.

నిన్న వచ్చిన పెద్దమనిషి ముందు వరసలో నించి తిరిగి చూసినాడు. తలతోనే వాకిలి చూపించి నవ్వినాడు. మామ ఆ దిక్కే చూడలేదు. నాలుకతో పెదాలు తడుపుకుంటాండాడు. కండ్లు తిరిగి పడిపోతే ఏంగతి అని నాకు భయం.

నంబరు పిలిచినారు.

మామ లేచినాడు. నోరు తెరిచినాడు, గొంతు రాలేదు. ఎవరో నవ్వినారు. సభాపతి మళ్ళీ పిలిచినాడు. మామ ముందరి బల్ల పట్టుకొని, బొంగురు గొంతుతో ప్రశ్న నంబరు చెప్పినాడు. జవాబు అచ్చేసి ఇచ్చినామని మంత్రి అన్నాడు. ఆ కాగితంలో ఉండేది ఒక్కటే: ఆ రోడ్డు మీద ఖనిజం లారీలకు ఎవరూ అనుమతి ఇయ్యలేదు.

ఇంకేమన్నా అడుగుతారా అని సభాపతి అడిగినాడు.

"అడుగుతా స్వామీ" అన్నాడు మామ. ఆయన కన్నడంలో మా తెలుగు యాస గంట కొట్టినట్ల వినబడింది. "అనుమతి లేదని మీరే రాసినారు. ఆ రోడ్డు మీద పోయే లారీల్లో మూడు నా కొడుకువి. మొదట వాటిని నిలపండి. నిలిపినాక మిగతావి ఎప్పుడు నిలుపుతారో చెప్పండి."

ముందు వరస పెద్దమనిషి గిర్రున ఎనక్కి తిరిగినాడు. తర్వాత అటు పక్కోల్లు, ఇటు పక్కోల్లు గూడా బల్లలు చరిచినారు. మంత్రి లేచి, జిల్లాకు ఈ పొద్దే రాస్తామని చెప్పినాడు. మామ తల ఊపి, కూచోకుండానే తిరిగి వాకిలి దిక్కు గబగబా నడిచినాడు. దాదాపు పరుగే.

"ఇప్పుడు పోతాండాడు చూడు!" అనింది అత్త. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకటేసారి వచ్చినాయి. మాట్లాడగూడదని మళ్ళీ చెప్పినారు మాకు.

గేటు కాడ ఆ మజ్జిగ సీసా ఎక్కడ పెట్టింది అక్కడే ఉండాది. చెట్టు నీడలో మామ ఎత్తిన సీసా దించకుండా తాగినాడు. తుడుచుకొని నా దిక్కు తిరిగి, "సంకల్పం చెప్పించింది నువ్వు. వ్రతం ఎవరు చెయ్యాల మరి?" అన్నాడు. నేను వంగి ఆయన కాళ్ళకు మొక్కినా. ఆయన ఎప్పుడూ మొక్కనిచ్చేవాడు కాదు. ఆ పొద్దు ఊరకున్నాడు.

ఊరికి వచ్చినాక మా ఆయన రెండు దినాలు లారీల కాడనే అన్నం తిన్నాడు. మూడో దినం సభ కాగితాలు తెచ్చి నా ముందర పెట్టినాడు. "ఈ కన్నడం నాకు అర్థం కాదు, చదువు" అన్నాడు. ఆయనకు బాగానే అర్థమవుతాది. చదివినా.

"మొదట నావే అన్నాడా?"

"మొదట నీవే."

"అందరి ముందర?"

"అందరి ముందర."

కండువా దులిపి భుజాన వేసుకొని, "మా నాయన మాట ఇచ్చినాక ఇంక ఆ రోడ్డెక్కేదేముంది" అన్నాడు. జిల్లా నించి ఉత్తర్వు రాకముందే, ఆ సాయంత్రమే డ్రైవర్లను పిలిచి చుట్టు దోవన పొమ్మని చెప్పినాడు. అన్ని లారీలూ నిలిచిపోయినాయని చెప్పను, దొంగతనంగా పోయేవి పోతానే ఉండె. కానీ బడి గంట కొట్టే పొద్దుకు రోడ్డు ఖాళీ. అయ్యవారి విజిలు ఆటలకు పనికొచ్చింది. ఆ ముసలామె మా వసారాలోకి వచ్చి, "నోటి బ్రేకు ఎవరు తీసినారప్పా?" అని మామను అడిగి, గంపెడు పచ్చి చెనక్కాయలు పెట్టి పోయింది.

అంతా విని కాలేజీ పిల్ల ఆ గళ్ళ కాగితం మళ్ళీ చూసింది. "ఇది యాడ రాయాలత్తా?" అనింది. ప్రశ్నల గడిలో ఒకటి అని ఉంది. ఒకటే రాయమ్మా, అది నిజమే అని చెప్పి, దేవుని గూట్లో ఉండే సభ కాగితం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టినా. చేతులు కడుక్కోని తీసుకుంది.