దొరగారి గోడకుర్చీ

తొంభై ఆరులో నార్వే నుంచి భీమిలికి సువార్త చెప్పడానికొచ్చిన మార్టిన్, వందమంది ముందైనా ప్రసంగించగలడు గానీ చేపల గురువమ్మ ముందు నోరు మెదపలేడు. ఆవిడ గంప దించిందంటే కొనాల్సిందే. ఒకరోజు గేటు దగ్గర ఆవిడ కనబడగానే, "చేపలు ఉన్నవి, ఇక వద్దమ్మా" అని తన బైబిలు తెలుగులో కేకేసి తలుపేసుకున్నాడు.

ఇంట్లో చేప ముక్క లేదు. ఆ సంగతి కూతురు ఇంగ్రిడ్‌కి తెలుసు. పిల్లని ఊటీలో తెల్లవాళ్ల బడికి పంపమని అందరూ చెప్పినా వినకుండా ఊరి బడిలో వేసింది ఈయనే. అనుభవించాలి మరి. ఆ బడిలో అబద్ధమాడితే గోడకుర్చీ వేయిస్తారు. పిల్లకి ఎక్కాలకన్నా ముందు అదే వంటబట్టింది.

"నాన్నా, అబద్దమాడీసినావు. గోడకుర్చీ ఎయ్యి."

దైవసేవకుడు, పైగా పట్టుబడ్డవాడు, ఏం వాదిస్తాడు? ఆరడుగుల మనిషి గోడకి వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కూర్చున్నాడు. తొడలు వణుకుతున్నాయి. పిల్ల కాస్తయినా జాలిపడితే ఒట్టు!

ఇంతలో మంచినీళ్లకని గురువమ్మ వెనక్కొచ్చి తలుపు తోసింది.

"ఇదేటి దొరా, ఇదీ ప్రార్థనేనా?"

అవుననేద్దామనుకున్నాడు. కూతురు చూస్తోంది.

"కాదమ్మా, శిక్ష. ఇంట్లో చేపలు లేవు. నీతో అబద్ధమాడితిని."

గురువమ్మ తాపీగా గంప దించి, అందులోంచి కత్తి తీసింది.

"అయితే అలాగే కూకో. నాను సేపలు కోసీవరకూ లెగకు."