ట్రాలీకి గలీబు

చెంచురామయ్య బట్టల్లేని వస్తువును చూడలేడు.

దిండుకు గలీబు అందరూ వేస్తారు. ఆయన టీవీ రిమోటుకు వేశాడు. గ్యాసు బండకు వేశాడు. గొడుగుకు వేశాడు, ఆ గొడుగు పెట్టుకునే సంచికీ వేశాడు. వాళ్లింట్లో కుట్టుమిషనుకు కూడా గలీబు ఉంది. దాన్ని దేనిమీద కుట్టావని అడిగితే, "మిషన్ మీదనే," అంటాడు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

మణుగూరు బొగ్గు గనిలో ముప్పై మూడేళ్లు పనిచేశాడు. వానాకాలం వస్తే మోటార్ల మీద టార్పాలిన్లు కప్పడం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక మోటార్లు అక్కడే ఉండిపోయాయి. కప్పే చేతులు మాత్రం ఇంటికి వచ్చేశాయి.

ఒకసారి వాళ్లింట్లో టీ తాగి బయటికొస్తే నా బండి లేదు. గేటు పక్కన గులాబీ పూల మూట ఒకటి ఉంది.

"బాబాయ్, నా బండి పోయింది."

"యాడికి పోతది? గదే."

"అది పరుపు కదా!"

"సీటు ఎండకు కాలుతదని తొడిగిన. నువ్వు టీ జల్దీ తాగితివి, లేకుంటే అద్దాలకు గూడ అయ్యేది."

ఆ పూల మీదే బడికి వెళ్లాను. పిల్లలు వారం రోజులు నన్ను చూసి నవ్వారు.

మా క్వార్టర్ల చివర బోరింగు ఉంది. దాని పిడికి కూడా తొడిగాడు. ఆడవాళ్లు నవ్వారు. నవ్వుతూనే నీళ్లు కొట్టుకున్నారు. ఆ మే నెలలో ఎవరి అరచేతులూ చుర్రుమనలేదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆయన భార్య సుశీలమ్మ ఒక్కతే జాగ్రత్తపడింది. "జరసేపు కదలకుండ కూసుంటే నాకు గూడ కుడతడు. అందుకే తిరుగుకుంట పని చేస్త," అనేది.

వాళ్ల పక్క క్వార్టరు పద్మప్రియది. మా బళ్లోనే లెక్కల టీచరు. వాళ్ల పాప సాహిత్య ఏడు వారాలు ముందే పుట్టింది. ఖమ్మం దవాఖానాలో ఇరవై మూడు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. పెట్టెలోంచి పాప బయటికొచ్చింది గానీ, తల్లి రాలేదు. ఎనిమిది నెలలు గేటు దాటలేదు. ఎవరినీ పాపను ముట్టుకోనివ్వలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు, హెడ్‌మాస్టరు ముందు నిలబడినట్టు. పాప లోపలి నుంచి చేతులు చాచేది. వీళ్లు చేతులు కట్టుకునే నవ్వేవారు.

జూన్‌లో బడి తెరుస్తారు. ఉద్యోగం మానేస్తానని పద్మప్రియ అంటోంది. రాజీనామా కాగితం రాసి పెట్టిందని ఆమె భర్త జయప్రకాశ్ నాతో చెప్పాడు.

"ఒక్కసారి బయటికి తీస్కపోదాం అని చెప్పిన, మురళన్నా. మెయిన్ రోడ్డు మీద కొత్త సూపర్ మార్కెట్ పడ్డది గద, అండ్ల ట్రాలీలు ఉన్నయి, పాపను కూసోబెట్టి తిప్పుదాం అంటె ఫోన్ల వీడియో చూపెట్టింది. ట్రాలీ పిడి మీద ఎన్ని పురుగులుంటయో! దానికి కవర్ కావాల్నట."

ఈ మాట గోడ దాటింది. గోడ అవతల చెంచురామయ్య ఉన్నాడు.

సాయంత్రానికి మా క్వార్టర్ల లైనంతా రెండుగా చీలింది. కవరు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు. కావాలనే పక్షంలో పద్మప్రియ పోను చెంచురామయ్య ఒక్కడే ఉన్నాడు. జయప్రకాశ్ డాక్టరమ్మకు ఫోన్ చేసి అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"కవర్ తప్పనిసరి ఏం కాదమ్మా. పిడి తుడవండి, పాపకు బెల్టు పెట్టండి, పక్కనే ఉండండి. చాలు."

"విన్నవా బాబాయ్? అవసరం లేదట," అన్నాను.

"విన్న," అన్నాడు చెంచురామయ్య. టేపు మెడలో వేసుకుని బయల్దేరాడు.

సూపర్ మార్కెట్ కాపలాదారు బొజ్జయ్య ఆ రోజు సంగతి ఇప్పటికీ చెబుతాడు.

"ఏంది సారూ, ట్రాలీ కొంటవా?"

"కాదు. నడుము కొలత తీస్తున్న."

పాప కాళ్లు పెట్టే రంధ్రాలు ఎక్కడ రావాలో తెలియలేదు. ఒక గుమ్మడికాయ తెచ్చి సీట్లో కూర్చోబెట్టాడు. గుమ్మడికాయకు కాళ్లుండవు. రెండు సొరకాయలు తెచ్చి కింద ఆనించాడు. జారిపోతున్నాయని బొజ్జయ్యను పట్టుకోమన్నాడు. పావుగంట సేపు బొజ్జయ్య రెండు సొరకాయలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. లోపలికొచ్చే జనం దండం పెట్టాలా వద్దా అని ఆగి వెళ్లారు. చివరికి చెంచురామయ్య ఆ ట్రాలీ కాలికి ఎర్రదారం కట్టి, "దీన్ని ఎవరికియ్యకు," అన్నాడు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు.

"పాత లుంగీ ఉంటె ఒకటియ్యి, మురళీ."

"కొత్తది ఇస్తా బాబాయ్."

"కొత్తది నాకెందుకు? పాతదియ్యి. బాగ పాతది."

నాకు బాగా పాతది ఒకటే ఉంది, నీలం గళ్లది. అదంటే ప్రాణం. లేదన్నాను. మర్నాడు తీగ మీద అది లేదు. క్లిప్పులు రెండూ పక్కపక్కనే బుద్ధిగా ఉన్నాయి.

ఎదురింటి నాగలక్ష్మి పెద్దమ్మ దగ్గర చుక్కల చీర తీసుకున్నాడు. అడవి పల్లె నుంచి వచ్చి విస్తరాకులు అమ్మే గంగక్క దగ్గర ముదురాకుపచ్చ చీర తీసుకున్నాడు.

సుశీలమ్మ కేకలేసింది. "బీరువాల కొత్త తాను పెట్టుకోని ఊరి మీద పడి పాతవి అడుక్కుంటున్నవేందయ్యా? పరువు తీస్తున్నవు!"

ఆయన పలకలేదు. నోట్లో గుండుసూదులున్నాయి.

నాలుగో రోజు గలీబు మడతపెట్టి పద్మప్రియ గేటు దగ్గరికి వెళ్లాడు. నేనూ ఉన్నాను. ఆమె దాన్ని రెండు వేళ్లతో అందుకుంది.

"ఉడకబెట్టాలి బాబాయ్."

"మూడుసార్లు ఉడకబెట్టు. రంగు దిగదు. దిగాల్సిందంత ఎప్పుడో దిగింది."

ఆమె విప్పి చూసింది. అరచెయ్యంత ముక్కలు, పదమూడు రకాలు. వేలితో రాసింది. మళ్లీ రాసింది.

"ఇంత మెత్తగ ఉందేంది? ఈ చుక్కలు యాడనో చూసిన."

"నాగలక్ష్మక్కది. ఐదుగురిని దాని మీదనే ఎత్తుకున్నది. ఆకుపచ్చ గంగక్కది. గోధుమరంగుది మా సుశీల మొదటి కాన్పుది. ఈ నీలం గళ్లది..." నా వంక చూడలేదు. "ఎవరో ఇచ్చిండ్రు."

పద్మప్రియ తలెత్తింది.

"పిల్ల పుడితె మొదలు ముసలోళ్ల పాతబట్టల పండుకోబెడ్తం గద బిడ్డా. మెత్తగుంటదని, వాళ్ల ఆయుష్షు వస్తదని. నీ బిడ్డ పెట్టెల ఉండె. దానికి ఆ పాతబట్ట దొరకలే. ఇంక మా లైన్ల ఒక్కరి ఒడి గూడ దొరకలే."

ఆమె ఆ చుక్కల మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "ట్రాలీకి కవర్ అవసరం లేదని డాక్టరమ్మ చెప్పింది గద బాబాయ్?"

"ట్రాలీకి అవసరం లేదు," అన్నాడాయన.

ఆదివారం పొద్దున పద్మప్రియ గేటు తీసింది. లైనులో ప్రతి గేటు దగ్గరా ఒకరున్నారు. అందరూ ఏదో పనిలో ఉన్నట్టే ఉన్నారు. ఊడ్చిన చోటే ఊడ్చారు. నేను కొళాయి లేని చోట బకెట్ పట్టుకుని నిలబడ్డాను.

ఆ పూట మా లైనందరికీ ఒకేసారి ఉప్పు అయిపోయింది. మేం సూపర్ మార్కెట్ చేరేసరికి బొజ్జయ్య ఎర్రదారం ట్రాలీని కడిగి, తుడిచి, గుమ్మంలో నిలబెట్టాడు. గలీబు గీత తేడా లేకుండా పట్టింది. సాహిత్య కాళ్లు సొరకాయలకంటే చాలా సన్నం. అయినా సరిపోయాయి. పద్మప్రియ బెల్టు పెట్టింది. రెండుసార్లు లాగి చూసింది.

పాప నా లుంగీ ముక్కను పట్టుకుంది. వాసన చూసింది. కొరికింది.

పప్పుల దగ్గర నాగలక్ష్మి పెద్దమ్మ ఎదురైంది. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి పెట్టుకుంది. పాప గలీబులోని చుక్కల ముక్కను కాదు, మనిషిని చూసి చేతులు చాచింది.

పద్మప్రియ పాపను చూసింది, పెద్దమ్మను చూసింది. బెల్టు విప్పింది.

"జర పట్టుకో పెద్దమ్మా. నేను కందిపప్పు తీస్కుంట," అంది.

కందిపప్పు ఆమె చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. అయినా అవతలి వరుస దాకా నడిచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పాప మూడో ఒడిలో ఉంది.

ట్రాలీలో గలీబు ఒక్కటే మిగిలింది. నా నీలం గళ్ల మీద తడి కూడా ఉంది.

"ఇప్పుడేం చేద్దాం బాబాయ్? గలీబు ఖాళీ అయింది," అన్నాను.

చెంచురామయ్య వినలేదు. కళ్లు తుడుచుకున్న చేతిని టేపు కోసం మెడ దగ్గరికి పోనిచ్చాడు. ఆయన చూపు కూరగాయలు తూచే మిషను మీద ఆగింది.

అంత జనం మధ్య, పాపం, దాని ఒంటి మీద నూలుపోగు లేదు.