కరవకముందు రాజాకి, కరిచాక నూకయ్యకి

చీపురుపల్లి నుంచి గరివిడి వైపు ఖాళీగా పోతున్న ఆటోకి అడ్డంగా ఒక నీలం ఐసుపెట్టె ఊగింది. పెట్టె వెనక కాంతం. ఆటో నడుపుతున్న నూకయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా మంచి శకునం ఉంటుందా!

కాంతం పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు, ఊరందరికీ అప్ప, అంటే పెద్దక్క. ఇరవై రెండేళ్లుగా ఆ పెట్టె భుజాన వేసుకుని, ఐసు కరిగేలోపు రేబిస్ టీకా మందు కుక్కల ఒంట్లోకి చేరాలని ఊరూరా పరుగే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడు తప్ప ఆవిడ ఒకచోట నిలబడగా చూసినవాళ్లు లేరు.

"అప్పా, ఒక్క సూది నాకూ పొడిసీ!" అన్నాడు నూకయ్య, ఆటో ఆగీ ఆగకుండానే.

"నీకెందుకురా? తోక మొలిసిందేటి?"

నూకయ్య ప్యాంటు పైకి లాగాడు. పిక్క మీద రెండు పళ్ల గాట్లు, వాటి నిండా కారం, పసుపు. పొద్దున్న చద్దన్నం గిన్నె జరపబోతే పెంపుడు కుక్క రాజా పట్టేసింది.

"నెత్తురొచ్చిందా?"

"ఓ రవ్వ. అయినా మందేసిన కుక్కే గదా. నువ్వేసిందే. ఇదిగో కార్డు!"

కార్డు మీద తారీఖు చూసి కాంతం మొహం మారిపోయింది. "ఒరే, ఇది రెండేళ్లనాటిదిరా! కుక్కకి ఏటేటా పొడిపించాల. పోయినేడు కబురెడితే ఏటన్నావు?"

"పెళ్లిళ్ల సీజనప్పా... అందుకే, ఆ పెట్టెలోదే నాకో డోసు ఏసీ. ఒకే జబ్బు, ఒకే మందు!"

"కుక్క మందు కుక్కకే, మడిసి మందు మడిసికే. దానికి కరవకముందే ఏస్తాం, ఏడాదికోపాలి. నీకు కరిసినాక. ఇయ్యాల, మూడోరోజు, ఏడోరోజు, ఇరవయ్యెనిమిదోరోజు. ఆటో తిప్పు, ఆసుపత్రికి!"

నూకయ్య ఆటో తిప్పకుండా ఇంజను ఆపేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు! వాళ్ల నాన్న ఆ మాట చెప్పగా చెప్పగా పెరిగినవాడతను. ఆ పద్ధతి పోయి ఏళ్లయినా, ఆ భయం మాత్రం తరానికోసారి బూస్టర్ వేయించుకుంటూ బతికేస్తోంది. టీకాకైతే గడువుంది గాని భయానికేదీ!

"నానెల్లనప్పా. తగ్గిపోతాది."

"వస్తే తగ్గే జబ్బు కాదురా అది. రాకుండా ఆపాల, అంతే." ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి గొంతు తగ్గించి ఆ మాట అనేసరికి నూకయ్య ఆటో దిగాడు.

రోడ్డు పక్కనే బోరింగు. కాంతం సంచీలోంచి సబ్బుబిళ్ల తీసి అతని చేతిలో పెట్టింది. "మూడు కీర్తనలు అయ్యేదాకా రుద్దడం ఆపకు." ఆవిడ గడియారం పెట్టుకోదు. పావుగంటంటే మూడు కీర్తనలు, అన్ని చరణాలతో సహా. బోరింగు కొడుతూ రాగం ఎత్తుకుంది.

కారం కడుగుతుంటే కళ్ల నీళ్లొచ్చాయి నూకయ్యకి. "ఈ పాటకి సరణాలెన్నప్పా?"

"నీ పాపాలెన్నో అన్ని. రుద్దు!"

ఆ తర్వాత ఆటో ఎప్పుడు తిరిగిందో, రైలు గేటు పడేలోపు పట్టాలు ఎలా దాటిందో తెలియదు; సర్కారు ఆసుపత్రి ముందు ఆగాక గాని అతనికి తెలివి రాలేదు. లోపల నర్సు ఆధార్ కార్డు అడిగితే, కంగారులో చేతికందిన కార్డు ఇచ్చాడు.

"పేరు రాజా, వయసు నాలుగేళ్లు, రంగు గోధుమ..." చదివి నర్సు అతణ్ని ఎగాదిగా చూసింది. వరసలో వాళ్లంతా పగలబడి నవ్వారు. నూకయ్య అదే అదనని గుమ్మం వైపు జరిగాడు.

కాంతం చొక్కా పట్టుకుని ఆపింది. సంచీలోంచి మడతలు చిరిగిన ఇంకో కార్డు తీసింది. అది ఆవిడదే. కుక్కలతో పని గనక కరవకముందే వేయించుకున్న కొద్దిమంది మనుషుల్లో ఆవిడొకతె.

"సూడు, నానూ రాజా జాతేరా. ముందే పొడిపించుకున్నాను. బొడ్డుకి కాదు, బుజానికి!"

నూకయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు.

భుజాలకి చీమ కుట్టినట్టయింది, అంతే. గాయం చుట్టూ మరో మందు ఎక్కించినప్పుడు మాత్రం వీధిదాకా వినబడేలా కేక పెట్టాడు. చేతికి కొత్త కార్డొచ్చింది. ఇంటిపేరుతో సహా తన పేరు, నాలుగు తారీఖులు.

"పద్నాలుగు రోజులు కాదప్పా, నాలుగే!" బయటికి పరిగెత్తుకొచ్చాడు. అప్పకి టీ ఇప్పించాలి, గరివిడి దాకా దింపాలి.

ఆటో సీటు మీద, నర్సు దగ్గర వదిలేసిన రాజా కార్డుంది. వెనకవైపు పెన్నుతో రాసి ఉంది: 'కుక్కని కట్టి ఉంచు. పది రోజులు సూడు.'

తలెత్తి చూస్తే, దూరంగా ఎండలో నీలం పెట్టె ఊగుతూ రైలు గేటు దాటేస్తోంది.

"అప్పా!"

కాంతం వెనక్కి తిరగలేదు. ఐసు కరిగిపోతోంది మరి.